కౌండిన్య అడవి అంచున గుర్రంపై ఒక రోజు స్వారీ: తయారీ, అనుమతి, వేట సంగతి

ప్రశ్న: పలమనేరు పక్క

అందరికీ నమస్కారం. పలమనేరు దగ్గర పల్లెలో మా ఇంట ఒక ఆడగుర్రం ఉంది. మార్వాడి కలిసిన జాతి, ఏడేళ్ళు, 14.1 హ్యాండ్స్ (నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు) ఎత్తు. ఇప్పటిదాకా మామిడి తోపుల్లో, బండ్లబాటల్లో గంటసేపు తిరగడమే అలవాటు. వచ్చే జనవరిలో ఇద్దరం రెండు గుర్రాల మీద అడవి అంచు వెంబడి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలనుకుంటున్నాం. దూరం 25 కిలోమీటర్లు ఉండొచ్చు. నా బరువు 68 కిలోలు.

గుర్రాన్ని ఎట్లా తయారు చేయాలి, వెంట ఏం తీసుకుపోవాలి, అనుమతి ఎవరిని అడగాలి? ఇంకొకటి. అడవిపందులు పంటంతా తవ్వేస్తున్నాయని, గుర్రాల మీదైతే వాటి దగ్గరిదాకా పోవచ్చని ఊళ్ళో ఒకాయన తుపాకీతో తోడు వస్తానంటున్నాడు. అమెరికా ఉత్తరాది అడవుల్లో గుర్రాల మీదే వేటకు పోతారని చదివాను. ఇక్కడ కుదురుతుందా?

జవాబు: హద్దురాయి

అన్నా, చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. వద్దు. ఆయన్ని, ఆయన తుపాకీని ఇంట్లోనే ఉండమనండి.

అక్కడి పద్ధతి వేరు. అమెరికా ఉత్తరాది రాష్ట్రమైన మిషిగన్‌లో తుపాకీతో జింకల వేటకు నవంబరు 15 నుంచి 30 వరకు గడువుంటుంది, లైసెన్సు ఉంటుంది. ఆ రోజుల్లో అడవిలో తిరిగే రౌతులు వేటగాళ్ళకు దూరం నుంచే కనపడాలని తామూ నారింజరంగు వేసుకుంటారు, గుర్రానికీ కడతారు. మన దగ్గర వేటకు గడువూ లేదు, లైసెన్సూ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పంట పాడుచేసే జంతువును చంపాలంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అట్లా చంపినా ఆ జంతువు ప్రభుత్వ సొత్తు అవుతుంది, కూర వండుకోవడానికి లేదు. వల పన్నినా, తరిమినా, ఎర వేసినా, ప్రయత్నం చేసి వదిలేసినా చట్టం లెక్కలో వేటే.

గుర్రం ఉన్నవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. ఆ చట్టంలో ‘వాహనం’ అన్నమాటలో గుర్రం, కంచరగాడిద, ఎద్దు అన్నీ కలిసే ఉన్నాయి. నేరానికి వాడిన వాహనం ప్రభుత్వపరం అవుతుంది. మీ పక్కన ఉన్నాయన ఒక్క తూటా పేల్చాడంటే మీ గుర్రం కూడా పోయే దారి అది. అభయారణ్యంలో వేటాడితే శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు, జరిమానా 25 వేలకు తగ్గదు. నాటు తుపాకీ అయితే ఆయుధాల చట్టం కేసు వేరేగా పడుతుంది.

కౌండిన్య అభయారణ్యం లోపలికి పోవాలంటే అనుమతి కావాలి. చిత్తూరు డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) పేరున అర్జీ రాసి పలమనేరు రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. ఏ తేదీ, ఏ దారిన పోయి ఏ దారిన వస్తారు, ఎంతమంది, ఎన్ని గుర్రాలు అన్నీ రాసి, టీకాల కాగితం నకలు జత చేయండి. టీకాలు వేయని పశువును అభయారణ్యంలోకి తీసుకుపోకూడదని 33ఎ సెక్షన్లో ఉంది. తిరుపతి వైపు శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో నిబంధన ఇంకా గట్టిది. అక్కడ పశువుల మేత అసలు లేదు, లోపలికి పోవడానికి అనుమతి ఉన్న మనిషి ఎక్కే జంతువుకు మాత్రమే ప్రవేశం. పైగా శేషాచలం ఎర్రచందనం అడవి. పొద్దు గూకాక కాగితం లేకుండా గుర్రంతో కనబడితే మోత కోసం తెచ్చారనే అనుమానిస్తారు.

నా సలహా ఏమంటే మొదటిసారి అభయారణ్యం లోపలికి పోనే వద్దు. హద్దురాళ్ళకు ఇవతల రెవెన్యూ బాటలు, చెరువుకట్టల వెనక దారులు చాలినన్ని ఉన్నాయి. అయినా అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ముందురోజు ఫోన్ చేసి చెప్పండి.

ఇక వేటగాళ్ళ వల్ల గుర్రానికి వచ్చే ముప్పు. అడవి అంచున చిరుత కన్నా, ఎలుగు కన్నా దీనికే భయపడాలి.

ఉచ్చులు ఎక్కువగా మోటారుసైకిల్ క్లచ్ వైరుతో చేస్తారు. పొలం కంచెలో పందులు దూరే సందు, వాగులోకి దిగే సన్నబాట, రెండు పొదల మధ్య ఇరుకు, ఇవీ వాటి చోట్లు. ఒక కొస చెట్టు మొదలుకో పాతిన గూటానికో కట్టి ఉంటుంది. అందుకే బండి పట్టే వెడల్పున్న బాట విడవొద్దు. కాలు చిక్కితే గుర్రం వెనక్కి గుంజుతుంది, గుంజేకొద్దీ తీగ బిగిసి గిట్ట పైనున్న నరాలను కోస్తుంది. వెంటనే దిగండి. ఒకరు తల దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుతూ గుర్రాన్ని తీగ కట్టిన చెట్టు వైపే ఒక అడుగు వేయించాలి. తీగ వదులైతేనే రెండోవాళ్ళు కాలి దగ్గరికి పోవాలి. ముందు చెట్టు వైపు కోసేయండి, ఆ తర్వాత కాలి చుట్టూ ఉన్న ముడి సడలించండి. పేనిన క్లచ్ వైరును చిన్న ప్లేయర్ కోయలేదు, పళ్ళు జారతాయి. ఎనిమిది అంగుళాల గట్టి కటింగ్ ప్లేయర్ గానీ సైకిల్ షాపులో వాడే కేబుల్ కట్టర్ గానీ కొనుక్కోండి. దాన్ని జీను సంచిలో పెట్టకండి, నడుముకు కట్టుకోండి. ఫోన్ కూడా ఒంటిమీదే. మీరు కింద పడి గుర్రం పరుగెత్తితే జీనుకు కట్టినవన్నీ దాని వెంటే పోతాయి.

కరెంటు తీగ ఇంకా ఘోరం. సోలార్ కంచెకు నాలుగైదు వరసల తీగలు, ఇన్సులేటర్లు, హెచ్చరిక బోర్డు ఉంటాయి. అది సెకనుకొక దెబ్బ కొట్టి వదిలేస్తుంది, తరుముతుందే గానీ చంపదు. దొంగతీగ ఒకే వరస ఉంటుంది. అడుగు, అడుగున్నర ఎత్తులో చిన్న పుల్లల మీదో సీసా మూతుల మీదో పోతుంది. కొస మోటారు స్టార్టర్ దగ్గరో స్తంభం మీదో తగిలించి ఉంటుంది. తీగ తాకకపోయినా చుట్టూ తడినేలలో కరెంటు పారుతుంది. గుర్రం ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ, పైగా కాళ్ళకు ఇనుప లాడాలు, కాబట్టి మనిషి తట్టుకునే చోట కూడా అది కూలిపోతుంది. ఈ తీగలు రాత్రి పెట్టి తెల్లవారాక తీస్తారు. అందుకే బాగా తెల్లవారాకే కదలండి, పొద్దు గూకకముందే ఊరు చేరండి. గుర్రం పడిపోతే కరెంటు ఆగిందని తెలిసేదాకా తాకొద్దు. విద్యుత్ శాఖ నంబరు 1912కు చెప్పి లైన్ ఆపించాలి.

నాటుబాంబుల సంగతి కూడా. పేగుల్లోనో పిండిముద్దలోనో చుట్టి పందుల దారిలో వదులుతారు, కొరికితే పేలుతుంది. ఆవులకు, కుక్కలకు దవడలు పోయేది వీటివల్లే. పొలం గట్ల మీద, అడవి అంచున గుర్రాన్ని తల దించి మేయనివ్వకండి. గుడ్డ చుట్టిన ఉండలాంటిది కనబడితే కాలితో తన్నకుండా అక్కడినుంచి తప్పుకుని పోలీసులకు చెప్పండి.

జవాబు: బండ్లబాట

అన్న చెప్పింది పూర్తయింది కాబట్టి నేను స్వారీ వరకే చెబుతా.

ముందు బరువు లెక్క. గుర్రం గుండె చుట్టుకొలత (ముందుకాళ్ళ వెనక ఒంటి చుట్టూ), ఎద ముందు నుంచి పిరుదు కొస దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 165, పొడవు 152 అయితే 348 కిలోలు. మోత అందులో ఐదో వంతు దాటకూడదు, అంటే 70 కిలోలు. మీరు 68, జీను 9, నీళ్ళూ సామానూ 4 కలిపితే 81. 25 కిలోమీటర్లకు ఇది ఎక్కువే. తేలిక జీను వేయండి, సామాను మనిషి తేలిగ్గా ఉన్న గుర్రం మీదికి మార్చండి, దింపుల్లో దిగి నడవండి. దూరాన్ని 16 నుంచి 18కి తగ్గిస్తే ఇంకా మంచిది. మొదటి ప్రయాణం ఎంత చిన్నదైతే గుర్రం రెండోదానికి అంత ఇష్టంగా బయల్దేరుతుంది.

తయారీకి ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు ముప్పావుగంట నడక మాత్రమే. మూడో వారం నుంచి గంటన్నర, మధ్యలో ఐదేసి నిమిషాల ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం). ఐదో వారం నుంచి వారానికి రెండుసార్లు ఎగువదారి. ఏడో వారంలో 15 కిలోమీటర్లు ఒకసారి. చివరి వారం తగ్గించేయాలి. దౌడు అవసరమే లేదు. ఊపిరి, గుండె మూడు నాలుగు వారాల్లోనే కుదురుకుంటాయి గానీ కండను ఎముకకు పట్టే నరాలు, ఎముకలు, గిట్టలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. గుర్రం హుషారుగా ఉందని తొందరపడినవాళ్ళ గుర్రాలు కుంటేది అందుకే. నవంబరులో మొదలుపెడితే ఈశాన్య రుతుపవనం వానలు మధ్యలో పడతాయి. బురదలో ట్రాట్ మానేసి ఆ రోజులు నడకకే వదిలేయండి.

నడక గంటకు ఐదారు కిలోమీటర్లు. 18 కిలోమీటర్లకు విశ్రాంతితో కలిపి ఐదు గంటలు లెక్కేసుకోండి.

జీను మూపు మీద ఆనకూడదు. మీరు ఎక్కి కూర్చున్నాక కూడా మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. మార్వాడి రకాలకు మూపు ఎత్తుగా, సన్నగా ఉంటుంది, వెడల్పు జీను వేస్తే కిందికి దిగిపోతుంది. గంట స్వారీ తర్వాత జీను తీసి చెమట గుర్తు చూడండి. చుట్టూ తడిసి మధ్యలో అరచేయంత పొడిగా ఉందంటే అక్కడ నొక్కుకుపోతోందని అర్థం. పుండు తేలేది అక్కడే. తంగు (జీనును పట్టే పొట్ట కింది పట్టీ) ఒకేసారి బిగించొద్దు. కొంత బిగించి, పది అడుగులు నడిపించి, మళ్ళీ బిగించి, ముందుకాళ్ళు ఒక్కొక్కటే ముందుకు లాగి వదలండి. చర్మం మడతపడి తంగు కింద ఇరుక్కుంటే మోచేతి వెనక ఒరుసుకుపోతుంది. ఎగువదారిలో జీను వెనక్కి జారకుండా ఎదపట్టీ తప్పనిసరి.

ఊరేగింపు గుర్రాలకు వాడే ముళ్ళ కళ్ళెం మీ దగ్గర ఉంటే పారేయండి. బండి లాగే, బరువు మోసే పశువులపై హింసను ఆపే 1965 నాటి నిబంధనల ప్రకారం అది నిషేధం, పైగా నోరు నొచ్చిన గుర్రం వాగులో నీళ్ళు తాగదు. సాదా కళ్ళెం చాలు. దాని కింద హాల్టర్ (నోట్లో ఇనుము లేని తలపట్టీ) వేసి, పది అడుగుల తాడు గుర్రం మెడకు చుట్టి పోండి. ఆగినప్పుడు హాల్టర్ తాడుతోనే కట్టాలి, పగ్గంతో కట్టకూడదు. బెదిరి వెనక్కి గుంజితే నోరు చీలుతుంది.

ఎగువదారి ఎక్కేటప్పుడు మీ బరువు ముందుకు, పిరుదు జీనుకు తేలికగా ఉంచి మెడను వదిలేయండి. దిగేటప్పుడు నిటారుగా కూర్చుని వాలుకు నేరుగా దింపండి. వదులురాళ్ళ వాలులో అడ్డంగా తిప్పితే కాళ్ళు పక్కకు జారతాయి. నున్నటి బండ మీద లాడం జారుతుంది, దిగి నడిపించుకు పోవడమే మేలు. గట్టులేని పాడుబావులు మన వైపు మామిడి తోపుల్లో చాలా ఉన్నాయి. కంప మూసేసి కనపడవు, తోపుల్లోకి అడ్డదారి తొక్కకండి. ఏనుగుల కందకాలు గడ్డి కప్పేసి ఉంటాయి, అంచు మెత్తగా విరుగుతుంది. కందకాన్ని దూకించాలని చూడొద్దు, దాటడానికి వదిలిన చోటే దాటండి. క్వారీ దగ్గర ఏ వేళకు పేలుస్తారో ముందే అడిగి ఆ వేళకు దూరంగా ఉండండి.

జవాబు: పశువైద్యం, చిత్తూరు

వైద్యం వైపు నుంచి రాస్తున్నాను. ఈ అంకెలు ఇంటి దగ్గరే రోజూ చూసి రాసిపెట్టుకోండి, మీ గుర్రానికి మామూలేదో తెలియకపోతే దారిలో తేడా పట్టలేరు. విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16, జ్వరమాని 37.5 నుంచి 38.5 సెల్సియస్. నాడి దవడ ఎముక కింది అంచున వేలికి తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబిరంగు రావాలి.

దారిలో ఆగిన 20 నిమిషాలకు నాడి 64 కిందికి దిగకపోతే ఆ రోజుకు స్వారీ ఆపాల్సిందే. జీను విప్పి నీడలో నిలిపి ఒళ్ళంతా నీళ్ళు పోయండి, ఆపకుండా పోస్తూనే ఉండండి. వేడిగా ఉన్న గుర్రానికి నీళ్ళు పెట్టకూడదన్నది పాత నమ్మకం, దానివల్ల గుర్రాలు ఎండిపోతున్నాయి. దారిలో నీళ్ళు కనపడ్డ ప్రతిచోటా తాగనివ్వండి, తాగాక కొంతసేపు నడకే. ఎండలో కష్టపడే గుర్రానికి గంటకు పది లీటర్లకు పైగా చెమట పోవచ్చు. దాన్ని మీరు మోసుకుపోలేరు, అందుకే చెరువు, చెక్‌డ్యాం ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో ఇప్పుడు నీళ్ళున్నాయో లేదో ముందురోజు చూసి రండి. ఎండ లెక్కకు ఒక సులువు ఉంది. ఫారెన్‌హీట్ వేడిని, గాలిలో తేమ శాతాన్ని కలపండి. 130 లోపైతే భయం లేదు. 150 దాటితే నడక మాత్రమే. 180 దాటితే గుర్రాన్ని బయటికి తీయొద్దు.

మేత గురించి కాస్త గట్టిగానే చెబుతాను. 350 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 7 కిలోల ఎండుమేత ఆధారం, ఉలవలు దానిపైన కొద్దిగా మాత్రమే. ఉలవలు రాత్రంతా నానబెట్టి గానీ ఉడికించి చల్లార్చి గానీ పెట్టండి. బయల్దేరడానికి మూడు గంటల ముందే దాణా అయిపోవాలి, గడ్డి కొంచెం నమలనివ్వొచ్చు. విశ్రాంతి రోజున ఉలవలు సగానికి తగ్గించండి. పనిలేని రోజున నిండా పెట్టి మర్నాడు కష్టపెడితే పిరుదు కండరాలు రాయిలా బిగుస్తాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అలాంటప్పుడు ఒక్క అడుగు కూడా నడిపించకండి. ఉన్నచోటే నిలిపి డాక్టర్‌ను పిలవండి. బూజుపట్టిన వేరుశనగ కట్టె పెట్టొద్దు. పచ్చిజొన్న ముట్టించొద్దు. కోళ్ళదాణాకు ఆమడ దూరం: అందులో కలిపే మోనెన్సిన్ మందు గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది, దానికి విరుగుడు లేదు. మన జిల్లాలో పాడి, కోళ్ళు, గుర్రం ఒకే కొట్టం కింద ఉండే ఇళ్ళున్నాయి, బస్తాలు మారకుండా చూసుకోండి.

కడుపునొప్పి వస్తే కాలితో నేల గీస్తుంది, డొక్క వైపు తిరిగి చూస్తుంది, పొర్లుతుంది. వామునీళ్ళు, నూనె గొట్టంతో గొంతులో పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే నొప్పికి బదులు న్యుమోనియాతో చస్తుంది. గుర్రానికి వాంతి రాదు, కాబట్టి కడుపు ఉబ్బితే డాక్టర్ ముక్కులోంచి గొట్టం వేసి తీయాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. పెద్దదైతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికే తీసుకుపోవాలి.

టీకాల్లో ధనుర్వాతం, కుక్కకాటు రెండూ తప్పవు. తీగ కోసిన గాయాన్ని శుభ్రమైన నీళ్ళతో కడిగి గుడ్డతో ఒత్తి కట్టండి, కిరసనాయిలు, పసుపు, సున్నం వద్దు. కీలు దగ్గరి గాయం చిన్నదిగా కనపడినా ఆ రోజే చూపించండి. అడవి అంచు నుంచి వచ్చిన రెండు మూడు వారాల్లో విడిచి విడిచి జ్వరం, కాళ్ళవాపు, చిక్కిపోవడం కనపడితే రక్తం పరీక్ష చేయించండి. జోరీగల వల్ల వచ్చే సర్రా కావొచ్చు, మొదట్లో పట్టుకుంటే మందుంది.

పలమనేరు పక్క

అందరికీ పేరుపేరునా దండాలు. తుపాకీ ఆయనకు వద్దని చెప్పేశాను. దూరం 18కి తగ్గించాం. రెండు సందేహాలు మిగిలాయి. లాడాలు కొత్తవి ఎప్పుడు కొట్టించాలి? దారిలో ఏనుగుల జాడ కనపడితే ఏం చేయాలి?

జవాబు: బండ్లబాట

ప్రయాణానికి వారం, పది రోజుల ముందు కొట్టించండి అన్నా. ముందురోజు కొట్టిస్తే, మేకు మెత్తటి భాగానికి దగ్గరగా దిగినా ఆ సంగతి దారిలో కుంటినప్పుడే తెలుస్తుంది. వారం గడిస్తే ఇంటి దగ్గరే బయటపడుతుంది. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట చెక్కించాలి. గిట్ట గీకే కొక్కెం వెంట ఉంచుకుని ఆగిన ప్రతిసారీ నాలుగు కాళ్ళూ చూడండి. సర్కారు తుమ్మ ముల్లు గిట్ట మధ్య మెత్తటి ముక్కోణంలో దిగితే బయటికి కొసే కనపడుతుంది. లోతుగా దిగిందనిపిస్తే లాగకుండా, అది ఇంకా లోపలికి పోకుండా చుట్టూ గుడ్డ మెత్తగా కట్టి వైద్యుడికి చూపించండి. ఎంత లోతు, ఏ వైపు పోయిందో ముల్లు ఉంటేనే ఆయనకు తెలుస్తుంది.

జవాబు: హద్దురాయి

ఏనుగులు రాత్రి చెరకు, వరి, మామిడి మీద పడి తెల్లవారేసరికి అడవిలోకి మళ్ళుతాయి. వాటికీ మీకూ ఎదురుపడే వేళ పొద్దున మొదటి రెండు గంటలు. ఎనిమిదిన్నరకు బయల్దేరండి. ముందురోజు రాత్రి ఏ ఊరి పొలాల్లో దిగాయో ఏనుగుల జాడ చూసే ట్రాకర్లకు తెలుసు, పొద్దున బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే చెబుతారు. ఆ వైపు గుంపు ఉందంటే ఆ రోజుకు దారి మార్చుకోవడమే.

గుర్రానికి మీకన్నా ముందే వాసన తెలుస్తుంది. చెవులు రెండూ ఒకే వైపు నిక్కబెట్టి, తల ఎత్తి, కాళ్ళు పాతేసినట్టు నిలబడి బుసకొడితే మడమలతో పొడవకండి. అది చూసే వైపు చూడండి. విరిగిన పచ్చికొమ్మలు, ఆవిరి పోతున్న పేడ, తడి ఆరని అడుగులు కనపడ్డాయంటే అవి దగ్గర్లోనే ఉన్నట్టు. అరుపులు, ఈలలు, ఫోటోలు వద్దు. వచ్చిన దారినే నడకతో వెనుదిరగండి. దౌడు తీయిస్తే గుర్రం ఇంటిదాకా ఆగదు, రెండో గుర్రమూ దాని వెంటే పడుతుంది. బెదిరి లాగుతుంటే రెండు పగ్గాలూ కలిపి గుంజొద్దు, ఒక పగ్గం మోకాలి వైపు మెల్లగా లాగి చిన్న గుండ్రంలో తిప్పండి. ఇద్దరి మధ్య రెండు గుర్రాల పొడవు ఖాళీ ఎప్పుడూ ఉండాలి, వెనకాయన తప్పుకోవడానికి. ఆ తిప్పడం ఎనిమిది వారాల సాధనలో రోజూ రెండు వైపులా నాలుగేసి సార్లు నేర్పండి, నడకలో వచ్చాక ట్రాట్‌లోనూ.